కాలిన అడవిలో పిట్టల్ని చూడాలంటే

అడవి తగలబడిందంటే ఇక అక్కడ బూడిద తప్ప ఏముంటుందిలే అనుకుంటాం కానీ, కొన్ని పిట్టలు అలాంటి చోటు కోసమే వెతుక్కుంటాయి. బైనాక్యులర్స్ తీసే ముందు ఒక్క సంగతి కనుక్కోండి: మంట ఆరి ఎన్నేళ్లయింది? ఏ పిట్ట కోసం వెతకాలో దాన్నిబట్టే ఉంటుంది.

ఏడాది రెండేళ్లే అయితే, బాగా మాడి ఇంకా నిలబడే ఉన్న చెట్ల దగ్గరికి వెళ్లండి. కొన్ని పెంకుపురుగులు మంట వేడిని దూరం నుంచే పసిగట్టి, పొగ పూర్తిగా ఆరకముందే వచ్చి ఆ చెట్లలో గుడ్లు పెట్టేస్తాయి. నల్లటి బెరడు మీద తెల్లగా రంపపు పొట్టులాంటిది రాలి ఉందా చూడండి, ఉంటే కదలకుండా నిలబడి వినండి, లోపల పురుగు చెక్కని కొరుకుతున్న కరకర ఒక్కోసారి బయటికే వినిపిస్తుంది. ఆ పురుగుల కోసమే ఉత్తర అమెరికాలో బ్లాక్ బ్యాక్డ్ వుడ్‌పెకర్ అనే నల్లవీపు వడ్రంగిపిట్ట వస్తుంది. మాడిన మాను మీద వాలితే దాని వీపు బెరడులో కలిసిపోతుంది, కాబట్టి కళ్లకంటే చెవులకే పని చెప్పండి, టక్ టక్ వినపడ్డ వైపు తిరగండి. నెత్తిన పసుపు మచ్చ ఉంటే మగది. మాడిన చెట్లు ఎందుకూ పనికిరావని వెంటనే నరికేస్తే దీనికి తిండీ గూడూ రెండూ పోతాయి, ఆ తొందర నాకైతే అస్సలు నచ్చదు.

గాలి ఉన్న రోజు మాత్రం వెళ్లకండి. వేళ్లు కాలిన చెట్టు ఎప్పుడు ఒరుగుతుందో చెప్పలేం.

వడ్రంగిపిట్ట వదిలేసిన తొర్రల్ని గుర్తుపెట్టుకుని మళ్లీ వసంతంలో రండి. తొర్ర తొలుచుకోవడం చేతకాని మౌంటెన్ బ్లూబర్డ్ లాంటివి వాటిలోనే కాపురం పెడతాయి. దూరంగా కూర్చోండి, తల్లి నోట్లో పురుగు పెట్టుకుని లోపలికి వెళ్లకుండా కొమ్మ మీదే తచ్చాడుతోందంటే మీరు మరీ దగ్గరికి వచ్చేశారన్నమాట. కాలిన భాగం, పచ్చటి భాగం కలిసే అంచున ఎండు చెట్ల చిటారు కొమ్మలు కూడా చూడండి, అక్కణ్నుంచి ఎగిరి గాల్లోనే పురుగుని పట్టి మళ్లీ అదే కొమ్మకి వచ్చే పిట్టలుంటాయి.

పొదలు, చిన్న చెట్లు లేచాక మళ్లీ వేరే పిట్టలు. మిషిగన్‌లో కర్ట్‌లాండ్స్ వార్బ్లర్‌కి సుమారు 5 నుంచి 20 ఏళ్ల వయసున్న జాక్ పైన్ చెట్లే కావాలి, ఎందుకంటే నేలకి ఆనుకున్న కొమ్మల కింద అది గూడు కడుతుంది. చెట్లు ఎదిగి కింది కొమ్మలు ఎండిపోతే ఆ చోటు వదిలేస్తుంది, అప్పుడు మీరూ ఇంకో లేత తోపు వెతుక్కోవాల్సిందే.