ఆన్‌లైన్ వేలంలో హోల్‌సేల్ సరుకు, 4వ పాఠం: జీఎస్టీ నంబర్ నిజమే, మరి అమ్మేవాడు?

పోయిన పాఠంలో జీఎస్టీ పోర్టల్‌లో అమ్మకందారు నంబర్ వెతకడం నేర్చుకున్నాం. ఈసారి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు తీసే పత్రం) గురించి రాయాలనుకున్నాను కానీ మీ సందేశాలు చదివాక దాన్ని పక్కన పెట్టేశాను. చాలామంది నంబర్ కొట్టి, ‘యాక్టివ్’ అని కనపడగానే అడ్వాన్స్ పంపేశారు. గుంటూరు దగ్గర ఇంట్లోనే చీరలు అమ్ముకునే ఒకావిడ సూరత్ చీరల లాటు (ఒకేసారి గుత్తంగా అమ్మే సరుకు) వేలంలో పాడుకుని 18,000 రూపాయలు కట్టారు. సరుకు రాలేదు. ఆ నంబర్ సూరత్‌లో నిజంగా నడుస్తున్న ఒక దుకాణానిదే. వేలం పెట్టినవాడికి ఆ దుకాణంతో ఏ సంబంధమూ లేదు.

ఇలా డబ్బు పోయినవాళ్లు ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అవతలివాడు “రేపు పార్సిల్ వేస్తా” అంటున్నాడని ఆగకండి. డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి మారిపోకముందే ఫిర్యాదు అందితే ఆపడానికి వీలుంటుంది. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో వివరాలు ఆ తర్వాత నింపొచ్చు.

ఇక అసలు సంగతి. జీఎస్టీ నంబర్ రహస్యమేమీ కాదు. ప్రతి బిల్లు మీదా ఉంటుంది. దుకాణం బయట బోర్డు మీద రాయాలని, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ లోపల అందరికీ కనపడేలా పెట్టాలని నిబంధనే ఉంది. అంటే ఎవరి నంబరైనా ఎవరైనా ఎత్తి రాసుకోవచ్చు. పోర్టల్ చెప్పేది ఆ నంబర్‌తో ఒక వ్యాపారం ఉందని మాత్రమే. మీతో వాట్సాప్‌లో మాట్లాడుతున్నది ఆ వ్యాపారి అని అది చెప్పదు, చెప్పలేదు కూడా.

“సర్టిఫికెట్ పీడీఎఫ్ పంపాడండీ, ఆధార్ కూడా పంపాడండీ” అని రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు బాధగా అనిపించేది ఇక్కడే. నంబర్ దొంగిలించినవాడికి పీడీఎఫ్ దొంగిలించడం కష్టమా? పైగా పద్దెనిమిది వేల లాటు కోసం ముక్కూమొహం తెలియని మనిషికి తన ఆధార్ పంపే హోల్‌సేలర్‌ని నేనింతవరకు చూడలేదు. అడక్కుండానే ఆధార్ వచ్చిందంటే నా లెక్కలో అనుమానం పెరగాలి, తగ్గకూడదు. విజిటింగ్ కార్డు, గోడౌన్ ఫొటోలు, పాత కస్టమర్ల మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు కూడా అంతే. వాడు పంపినదాన్ని బట్టి వాణ్ణి నమ్మకూడదు. మీ అంతట మీరు సంపాదించిన సమాచారంతోనే సరిచూడాలి.

మొదట అకౌంట్ పేరు చూడండి. పోర్టల్‌లో రెండు పేర్లు కనిపిస్తాయి: లీగల్ నేమ్, ట్రేడ్ నేమ్. సొంత వ్యాపారమైతే లీగల్ నేమ్ దగ్గర మనిషి పేరు, ట్రేడ్ నేమ్ దగ్గర దుకాణం పేరు ఉంటాయి. రెండూ వేరుగా ఉన్నాయని కంగారు పడినవాళ్లున్నారు, అందులో తప్పేమీ లేదు. డబ్బు వెళ్లే అకౌంట్ ఆ రెంటిలో ఒకదాని పేరు మీద ఉండాలి. అంకెలు, అక్షరాలు కలిపి 15 ఉండే జీఎస్టీ నంబర్‌లో మొదటి రెండంకెలు రాష్ట్రానివి (24 గుజరాత్, 36 తెలంగాణ, 37 ఆంధ్రప్రదేశ్), తర్వాతి పది పాన్. ఆ పాన్‌లో నాలుగో అక్షరం పి అయితే వ్యక్తి, సి అయితే కంపెనీ, ఎఫ్ అయితే భాగస్వామ్య సంస్థ. ఆ నాలుగో అక్షరం సి అయి ఉండి, యూపీఐలో డబ్బు ఎవరో ఒక మనిషి పేరుకు పోతోందంటే అక్కడితో ఆపేయండి. కంపెనీ సొమ్ము కంపెనీ అకౌంట్‌లోనే పడాలి.

“అది మా తమ్ముడి అకౌంట్”, “కరెంట్ అకౌంట్ లిమిట్ అయిపోయింది”, “బ్యాంకు సర్వర్ డౌన్”, “అకౌంటెంట్ నంబర్‌కి వేసేయండి, బిల్లు మా పేరుతోనే ఇస్తాం”. ఇవన్నీ మీకు వచ్చిన జవాబులే. ఒక్కదానికీ ఒప్పుకోవద్దు. నేనైతే యూపీఐ జోలికే పోను. నెఫ్ట్‌కి (బ్యాంకు నుంచి బ్యాంకుకు డబ్బు పంపే పద్ధతి) బెనిఫిషియరీని, అంటే డబ్బు అందుకునేవాణ్ణి, చేర్చేటప్పుడు బ్యాంకులో ఉన్న పేరు తెర మీద కనిపించే ఏర్పాటు 2025 నుంచి వచ్చింది. ఆ పేరు చూశాకే మిగతా మాటలు.

తర్వాత ఫోన్. వాడిచ్చిన నంబర్‌కి కాదు. పోర్టల్‌లో ఉన్న చిరునామాను మ్యాప్స్‌లో వెతికి, ఆ దుకాణం పేరు మీద ఉన్న నంబర్ పట్టుకోండి. పక్క షాపు నంబర్ దొరికినా పనికొస్తుంది. గుంటూరు ఆవిడ విషయంలో ఈ ఒక్క కాల్ చేసి ఉంటే సరిపోయేది.

మూడోది వీడియో కాల్. రికార్డు చేసిన వీడియో వద్దు. కాల్ బయట బోర్డు దగ్గర మొదలవ్వాలి, దాని మీద జీఎస్టీ నంబర్ చదవగలగాలి, కట్ చేయకుండా లాటు దగ్గరికి నడవాలి. ఒక అట్టపెట్టె మీద మీ పేరు, ఆరోజు తేదీ మార్కర్‌తో రాయమనండి. నిజంగా సరుకున్నవాడికి అది అర నిమిషం పని.

రిజిస్ట్రేషన్ తేదీ గురించి కూడా అడిగారు. “పాతికేళ్ల నుంచి ఉన్నామంటున్నాడు, పోర్టల్‌లో 01/07/2017 అని ఉంది” అని. జీఎస్టీ మొదలైందే ఆరోజు. పాత వ్యాపారుల్లో చాలామందికి అదే తేదీ ఉంటుంది. రిటర్నులు (వ్యాపారి దాఖలు చేసే పన్ను లెక్కలు) మూడు నెలలకోసారి కనపడినా భయపడక్కర్లేదు, చిన్న వ్యాపారులకు ఆ వెసులుబాటు ఉంది.

“టర్నోవర్ తక్కువ, నాకు జీఎస్టీ అక్కర్లేదు” అనే సూరత్ అమ్మకందారు మాట మాత్రం చెల్లదు. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి సరుకు అమ్మాలంటే టర్నోవర్‌తో పని లేకుండా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. కొన్ని హస్తకళా వస్తువులకు మినహాయింపు ఉంది, పవర్‌లూమ్ చీరలు అందులోకి రావు. పోర్టల్‌లో ‘కంపోజిషన్’ (చిన్న వ్యాపారులకు సులువైన పన్ను పథకం) అని ఉన్నా అంతే. ఆ పథకంలో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు.

కస్టమ్స్ పట్టుకున్న సరుకు వేలమని వాట్సాప్‌లో వచ్చేవాటి గురించి ఒక్క ముక్క: ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ లాంటి వాటి పోర్టల్‌లో మీరు స్వయంగా నమోదు చేసుకుని పాడాలి. ధరావతు ఏ ఆఫీసర్ సొంత అకౌంట్‌కీ పోదు.

అభ్యాసం. ఈ వారం ఎక్కడా పాడకండి, ఒక్క రూపాయి కూడా పంపకండి. ఇప్పుడు నడుస్తున్న మూడు లాట్లు ఎంచుకుని ఒక్కోదానికి రాష్ట్రం అంకెలు, పాన్ నాలుగో అక్షరం, రెండు పేర్లు, చిరునామా కాగితం మీద రాయండి. మీ అంతట మీరే మూడు దుకాణాల ఫోన్ నంబర్లూ వెతికి పట్టుకుని ముగ్గురికీ ఫోన్ చేయండి. కష్టమే, అయినా మూడూ చేయాల్సిందే. హిందీ సరిగ్గా రాకపోయినా “భాయ్, ఆన్‌లైన్ ఆక్షన్ మే యే లాట్ ఆప్‌నే డాలా హై క్యా?” అంటే చాలు, అర్థమవుతుంది. కాదంటే ఆ లిస్టింగ్ లింక్ వాళ్లకు పంపండి. తమ నంబర్‌ను ఎవరో వాడుకుంటున్నారని వాళ్లకింకా తెలిసి ఉండకపోవచ్చు.