అక్కాతమ్ముళ్ల తగువులు: ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల తెలుగు కుటుంబాలకు ఆరు వారాల తరగతి

తోడబుట్టినవాళ్లు కలిసిమెలిసి ఉండాలని చెప్పడానికి తరగతి పెట్టనక్కర్లేదు, ఆ మాట పిల్లలు రోజూ వింటున్నదే. తరగతి కావాల్సింది పెద్దవాళ్లకు. తగువు జరిగే ఆ రెండు నిమిషాల్లో అమ్మో మామ్మో ఏమంటారో, దాన్నిబట్టే మర్నాటి తగువు తయారవుతుంది. అందుకే, ఈ తరగతి నడిపేది మీరైతే, ఆరు వారాల్లో మొదటి మూడూ పెద్దవాళ్లకే ఉంచండి.

ఎనిమిది నుంచి పన్నెండు కుటుంబాలు చాలు. అంతకు మించితే మాట్లాడేవాళ్లే మాట్లాడతారు, మిగతావాళ్లు తలూపి వెళ్లిపోతారు. వారానికొకసారి, గంటంబావు. మార్గశిరంలో లక్ష్మివారం పెట్టకండి: ఒడియావాళ్లకు మాణబసా అనే లక్ష్మీవ్రతం, మనవాళ్లకు లక్ష్మీపూజ, ఒక్క ఆడమనిషి కూడా రాదు. బరంపురంలో అయితే రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణీ జాత్ర రోజులూ వదిలేయండి. మామ్మలు, తాతలు ఇంట్లో ఉంటే వాళ్లనీ పిలవాలి. అమ్మ ఒక పద్ధతి నేర్చుకుని ఇంటికెళ్లేసరికి మామ్మ బుజ్జగింపు పాత పద్ధతిలోనే ఉంటే మొదటి వారమే అంతా నీరుగారిపోతుంది.

మొదలుపెట్టే ముందు ప్రతి ఇంటికీ ఒకసారి వెళ్లి మూడే మూడు ప్రశ్నలు అడగండి: తగువు ఏ వేళప్పుడు వస్తుంది, దేని గురించి, ఎవరు మధ్యలోకి వెళ్తారు. జవాబులు నోటుబుక్కులో రాసుకోండి. ట్యూషన్ నుంచి వచ్చాక, అన్నానికి ముందు ఉండే ఆకలి గంటలో గొడవలు ఎక్కువని చాలా ఇళ్లలో చెబుతారు. అలాంటిచోట పాఠం తర్వాత సంగతి, ముందు అటుకులో మరమరాలో పెట్టమనండి.

మొదటి వారం పోలికల మీద. ఒక్కొక్కరికీ రెండు చీటీలు ఇచ్చి, చిన్నప్పుడు తాము విన్న పోలిక మాట ఒకటి, నిన్న తాము అన్నది ఒకటి రాయించండి. రాయడం రానివాళ్లు పక్కవాళ్లకు చెబితే సరి. ‘అక్కని చూసి నేర్చుకో’, ‘పెద్దదానివి, నువ్వే సర్దుకోవాలి’: రెండు చీటీల్లోనూ ఒకే మాట కనబడటం మామూలే. మీరు ఉపన్యాసం ఇవ్వకండి, చీటీలు చదివిస్తే చాలు. ఆ వారం ఇంటిపని ఏమిటంటే, పిల్లాడి పని గురించి చెప్పేటప్పుడు రెండో పిల్ల పేరు ఎత్తకూడదు. తిట్టులోనే కాదు, మెచ్చుకోలులో కూడా.

రెండో వారం అసలు పని: తీర్పరి కుర్చీ దిగడం. గొడవకు మూలమైన వస్తువు, ఎక్కువసార్లు అది ఫోనే, ముందు పెద్దవాళ్లు చేతిలోకి తీసుకోవాలి. తర్వాత ఒకరు చెప్పాలి, రెండోవారు దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాలి: ‘అంటే నా వంతు అవకుండానే లాక్కున్నావని నీ కోపం’. ఆ తర్వాత ఎవరికి ఏం కావాలో, ఎందుకు కావాలో అడగాలి. చివరికి ఉపాయం పిల్లలే చెప్పాలి. వాళ్లు చెప్పింది మనకు తెలివితక్కువగా అనిపించినా, ఎవరికీ అన్యాయం కాకపోతే ఒక రోజు నడవనివ్వండి. తల్లిదండ్రులే పిల్లల వేషం కట్టి ఇది మూడుసార్లు ఆడాలి. ఆడకపోతే ఇంట్లో నోటికి రాదు.

ఇది చెడేది సాధారణంగా మూడో మెట్టు దగ్గర, అంటే ఎవరికి ఏం కావాలో అడిగేచోట. అమ్మకు ఓపిక అయిపోయి ‘వాడు చిన్నోడు కదా, ఇచ్చేయ్’ అంటుంది. ఏడిస్తే గెలుస్తానని చిన్నవాడికి, చెప్పినా లాభం లేదని పెద్దదానికి ఒకేసారి తెలిసిపోతుంది. నాలుగేళ్లలోపు పిల్లలతో ఈ మెట్లు పనిచేయవు. వాళ్లను విడదీసి వేరే ఆటలో పెట్టడమే.

మూడో వారం పెద్దపిల్ల కోసం. గంజాం నుంచి మగవాళ్లు సూరత్ మిల్లులకు వెళ్లే ఇళ్లలో పెద్దపిల్లే రెండో అమ్మ. నీళ్లు పట్టడం, తమ్ముడికి స్నానం, చెల్లికి జడ, తన చదువు, అన్నీ ఆమెవే. తోబుట్టువును పెంచే బాధ్యత ఉన్నచోట అతనితో ఆడుకునే మనసు ఉండదు. పనులన్నీ చార్టు మీద రాసి, ఎవరిది ఏదో స్కెచ్ పెన్నుతో గీయించండి. ఏడేళ్ల మగపిల్లాడి గడి ఖాళీగా ఉందని తల్లులే గమనిస్తారు. మంచినీళ్లు అందించడం, కంచాలు తీయడం, చాపలు చుట్టడం వాడివి చేయండి. పెద్దపిల్లకు రోజుకు అరగంట ఎవరినీ చూసుకోనక్కర్లేని సమయం రాయించండి.

నాన్న వీడియో కాల్ కూడా ఇక్కడే తేల్చాలి. చిన్నవాడు ఫోను గుంజుకుంటాడు, పెద్దదానికి ‘అమ్మ మాట విను’ అన్న ఒక్క ముక్కే మిగులుతుంది. తలా నాలుగు నిమిషాలు, రోజు మార్చి రోజు ముందు వంతు. మొదటి ప్రశ్న మార్కుల గురించి వద్దని నాన్నకు వాయిస్ మెసేజ్ పంపించండి.

నాలుగు, ఐదు వారాలు పిల్లలతో. ఐదు నుంచి ఎనిమిదేళ్లవాళ్లు ఒకవైపు, తొమ్మిది నుంచి పద్నాలుగు మరోవైపు. గొడవ తగ్గినంత మాత్రాన ప్రేమ పెరగదని, కలిసి ఆడే నేర్పు వేరుగా నేర్పాలని అమెరికా పరిశోధకురాలు లారీ క్రామర్ చెప్పింది ఇక్కడ పనికొస్తుంది. ఆటకు పిలవడం, వద్దని మర్యాదగా చెప్పడం, ‘కాసేపాగి వస్తా’ అని నిజంగా రావడం, ఈ మూడూ ఆడించండి. పెద్ద పిల్లల దగ్గర భాష సంగతి తప్పక ఎత్తండి: అన్న ఒడియా మీడియం, చెల్లి ఇంగ్లీషు మీడియం అయిన ఇంట్లో ఎగతాళికి చదువే ఆయుధం. వాళ్లతో జంటగా ఒక ముగ్గో, పొడుపుకథల చిట్టానో ఇంటి తెలుగులో తయారు చేయిస్తే ఎవరి బడీ పైచేయి కాదు.

ఒక హద్దు మాత్రం నిర్వాహకులందరికీ తెలిసుండాలి. ఎప్పుడూ ఒకే బిడ్డ ఓడిపోతూ, భయపడుతూ, దెబ్బలు దాస్తూ ఉంటే, లేక ఒంటి మీద చెడ్డగా చేయి వేసిన సంగతి బయటపడితే, అది తగువు కాదు. రాజీ చేయించకండి. బిడ్డను ఒంటరిగా వదలకుండా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి.

ఆరో వారం అందరూ కలిసి కూర్చుంటారు. పాఠం లేదు, నోటుబుక్కులే. మొదటి వారంలోనూ ఇప్పుడూ రెండు లెక్కలు వేయించండి: పెద్దవాళ్లు ఎన్నిసార్లు మధ్యలోకి వెళ్లారు, పిల్లలు ఎవరూ చెప్పకుండా పది నిమిషాలైనా ఎన్నిసార్లు కలిసి ఆడారు. గొడవల సంఖ్య లెక్కపెట్టకండి, సెలవుల్లో అది ఎలాగూ పెరుగుతుంది. నెల తర్వాత మళ్లీ ఇంటికెళ్లండి. చార్టు గోడ మీద లేకపోతే ఏ గడి దగ్గర పేచీ వచ్చిందో అడిగి, అక్కడే కొత్తది గీయించండి.