ఎముకల రిపోర్టులోని ఇంగ్లీషు పేరును విడదీసి చదివే పద్ధతి

నెల్లూరు, తిరుపతి వైపు నుంచి పెద్దవాళ్లను చెన్నైకి తీసుకువచ్చి ఎముకల డాక్టరుకు చూపించే తెలుగు కుటుంబాలను డెక్సా స్కాన్ (ఎముకల సాంద్రతను కొలిచే పరీక్ష) రిపోర్టులో ఎక్కువగా కంగారుపెట్టేది 'ఆస్టియోపొరోసిస్' అనే మాట. దానిని మూడు ముక్కలుగా విడదీసి, చివరి ముక్క నుంచి మొదటికి చదువుకుంటూ వస్తే విషయం చాలావరకు బోధపడుతుంది.

చివరనున్న 'ఓసిస్' ఒక స్థితిని తెలిపే గ్రీకు ప్రత్యయం. అదే చోట 'ఐటిస్' కనిపిస్తే వాపుకు సంబంధించిన జబ్బు అని గ్రహించాలి. నడుమనున్న 'పోరోస్' అంటే దారి, రంధ్రం. మొదటి ముక్కకు మూలం ఎముక అనే అర్థమున్న 'ఆస్టియాన్'. మూడింటినీ కలిపితే ఎముక గుల్లబారిన స్థితి అని తేలుతుంది. ఈ పేరును 19వ శతాబ్ది తొలి భాగంలో స్ట్రాస్‌బర్గ్ వైద్యుడు లోబ్‌స్టైన్ వాడుకలోకి తెచ్చారు.

'ఆస్టియాన్' గుర్తుండాలంటే సంస్కృతంలోని 'అస్థి'ని తలచుకోండి. ఈ పోలిక కాకతాళీయం కాదు, రెండూ ఒకే ప్రాచీన ఇండో-యూరోపియన్ మూలం నుంచి వచ్చినవే. మన 'ఎముక' మాత్రం తమిళుల 'ఎలుంబు'కు, కన్నడిగుల 'ఎలుబు'కు చుట్టం. తెలుగు, తమిళ, కన్నడాలు సంస్కృతం నుంచి పుట్టినవి కావని, ఒకే కుటుంబానికి చెందినవని 1816లో ఇదే మద్రాసులో ఉండి ఆధారాలతో చూపిన ఆంగ్లేయ అధికారి ఎల్లిస్‌ను ఇక్కడ స్మరించుకోవడం న్యాయం. ఇంగ్లీషులోనూ ఇంటి మాట 'బోన్' జర్మానిక్ కుటుంబానిది, వైద్యుల మాట గ్రీకుది. మనకు ఎముక, అస్థి ఉన్నట్టే.

పద్ధతి పట్టుబడ్డాక తక్కిన పేర్లు తేలికవుతాయి. 'పీనియా' అంటే లేమి గనుక ఆస్టియోపీనియా ఎముక సాంద్రత తగ్గిన దశ. 'మలేసియా' అంటే మెత్తదనం గనుక ఆస్టియోమలేసియా ఎముక మెత్తబడటం, దీనికి ప్రధాన కారణం విటమిన్ డి లోపం.

ఆ తరువాత టీ-స్కోరు, అంటే ఆరోగ్యవంతులైన యువవయస్కుల సగటుతో పోలిస్తే ఎముక సాంద్రత ఎంత తేడాగా ఉందో తెలిపే అంకె, చూడండి. రుతుక్రమం ఆగిన స్త్రీలలో −1కి, −2.5కి నడుమ ఉంటే ఆస్టియోపీనియా అనీ, −2.5 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఆస్టియోపొరోసిస్ అనీ 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించింది. అయితే నిలుచున్న చోట జారిపడినందుకే తుంటి ఎముక విరిగి ఉంటే, అంకె ఎంత ఉన్నా ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.