దవడకు కాలి ఎముక వేసే ఆపరేషన్: రక్తనాళాల విషయంలో జాగ్రత్తలు

క్యాన్సర్ వల్లో, ప్రమాదం వల్లో దవడ ఎముక తీసేయాల్సి వస్తే ఆ ఖాళీని చాలాసార్లు కాలిలోని సన్న ఎముక, ఫిబ్యులాతో పూడుస్తారు. ఎముక ఒక్కటీ తెస్తే చాలదు. దాన్ని పోషించే పెరోనియల్ ధమనినీ, సిరలనూ వెంట తెచ్చి మెడలోని రక్తనాళాలకు మైక్రోస్కోప్ కింద కుట్టాలి. ఆ కుట్టు దగ్గర రక్తం గడ్డకట్టిందంటే, ప్లేటు, స్క్రూలు ఎంత చక్కగా కుదిరినా ఫ్లాప్ (అంటే కాలి నుంచి తెచ్చి అమర్చిన ఎముక, దాంతోపాటు తెచ్చిన చర్మం) దక్కదు.

ముందు కాళ్ల సంగతి. కొద్దిమందికి పాదానికి రక్తం ప్రధానంగా పెరోనియల్ నుంచే వెళ్తుంది. కొందరిలో షుగర్, పొగాకు వల్ల మిగతా ధమనులు పూడుకుపోయి ఉంటాయి. అలాంటి కాలి నుంచి దాన్ని తీస్తే పాదానికే ముప్పు. చేత్తో నాడి చూసి సరిపెట్టుకోకూడదు, ఎందుకంటే పాదం మీద తగిలే నాడి కూడా పెరోనియల్ నుంచే రావచ్చు. రెండు కాళ్లకూ సీటీ యాంజియో (రక్తనాళాలను చూపించే స్కాన్) చేయించడం మంచిది. కాలు ఎప్పుడైనా విరిగినా, కాలి సిరల్లో గడ్డలు కట్టినా డాక్టరుకు చెప్పండి.

మెడకు రేడియేషన్ తీసుకున్నవాళ్లు, ఇదివరకే మెడ ఆపరేషన్ అయినవాళ్లు పాత కాగితాలన్నీ తీసుకెళ్లాలి. ఏ నాళాన్ని అప్పట్లో కట్టేశారో సర్జన్‌కు ముందే తెలియాలి. రేడియేషన్ తగిలిన ధమని గోడ పెళుసుబారి, కుట్టేటప్పుడు లోపలి పొర ఊడి వస్తుంది. అప్పుడు మెడ రెండో వైపు నాళాలు వెతుక్కోవాల్సి రావచ్చు.

పొగ, పొగాకు కనీసం 4 వారాల ముందే మానాలి. నికోటిన్ గమ్, ప్యాచ్ వాడుతుంటే అదీ డాక్టరుకు చెప్పాలి, నాళాలను బిగదీసేది ఆ నికోటినే. రక్తం పలచబరిచే మాత్రలు సొంతంగా ఆపొద్దు.

ఓటీలో (ఆపరేషన్ థియేటర్లో) సర్జన్ చూసుకోవాల్సినవి కొన్ని. చీలమండ దగ్గర 6 నుంచి 8 సెంటీమీటర్ల ఎముక వదిలేయాలి. దవడ వంపు కోసం కోసే ముక్కలు 2 సెంటీమీటర్ల కన్నా చిన్నవైతే వాటికి రక్తం అందడం కష్టం. మెడ మూసేముందు తలను రెండు వైపులా తిప్పి, నాళం మెలిపడడం లేదని చూడాలి.

అసలు గండం మొదటి 72 గంటలు. ఎక్కువగా దెబ్బతినేది సిర. దాని గోడ పలచన, లోపలి ఒత్తిడి తక్కువ. మెడలో కొద్దిగా రక్తం నిలిచినా, ఊపిరి కోసం మెడలో పెట్టే ట్రెకియాస్టమీ గొట్టం తాడు బిగిసినా నొక్కుకుపోతుంది. అందుకే మెడ చుట్టూ బిగుతు కట్టు వద్దు, తల ఏ పక్కకూ తిరగకుండా తిన్నగా ఉండాలి, రోగికి చలి తగలకూడదు.

మొదటి రోజు గంటగంటకూ ఫ్లాప్ చర్మం చూడాలి. వేలితో నొక్కి వదిలితే రెండు మూడు సెకన్లలో రంగు తిరిగి రావాలి. వెంటనే వచ్చేస్తూ, చర్మం ఊదారంగుకు తిరిగి ఉబ్బుతుంటే సిర మూసుకుంటోందని అనుమానించాలి. పాలిపోయి చల్లబడితే ధమని. డాక్టరు సూది గుచ్చినప్పుడు కాస్త ఆగి ఎర్రటి బొట్టు ఊరితే మంచిదే. గుచ్చీ గుచ్చగానే నల్లటి రక్తం కారినా, అసలు రాకపోయినా ప్రమాదమే. డాప్లర్ (నాళంలో రక్తం పారే శబ్దాన్ని వినిపించే పరికరం) శబ్దం వినిపిస్తోందని ఊరుకోవద్దు. సిర మూసుకున్నాక కూడా ధమని శబ్దం కాసేపు వినిపిస్తుంది.

పక్కనున్నవాళ్లకు ఏ తేడా కనిపించినా, అర్ధరాత్రయినా సరే, డ్యూటీ డాక్టర్ని పిలవాలి. ‘తెల్లారాక చూద్దాం’ అన్న మాటే ఫ్లాప్‌ను పోగొడుతుంది. కొద్ది గంటల్లో మళ్లీ ఓటీకి తీసుకెళ్లి గడ్డ తీస్తే చాలా ఫ్లాపులు దక్కుతాయి.

ఎముక తీసిన కాలిని కూడా మర్చిపోవద్దు. పిక్క రాయిలా గట్టిపడి, వేళ్లు కదిపితే భరించలేనంత నొప్పి వస్తే అదీ అత్యవసరమే.

ఇంటికెళ్లాక మెడ గాయం నుంచి లాలాజలం కారుతుంటే ఆలస్యం చేయొద్దు. అది లోపలి నాళాలను తినేస్తుంది. కొద్దిగా రక్తం వచ్చి దానంతటదే ఆగిపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, ఎందుకంటే పెద్ద రక్తస్రావానికి ముందు అలా కొద్దిగా రావడం మామూలు.