ఏళ్ల తరబడి కదలని డీజిల్ పికప్‌ను మళ్ళీ నడిపించడం ఎలా?

పశువుల కొట్టం పక్కనో, మామిడితోట కంచె వారనో ఏళ్ల తరబడి నిలిచిపోయిన పికప్ బండ్లు మన ఊళ్ళలో చాలానే కనిపిస్తాయి. వాటిని బాగుచేయించాలని అనుకున్నవారు సాధారణంగా మొదట చేసే పని ఇంకో బండి బ్యాటరీ తెచ్చి తగిలించి సెల్ఫ్ కొట్టడం, లేదా ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగిస్తూ గేరు వేయడం. ఆగిన నాటికి నిక్షేపంగా ఉన్న ఇంజన్ కూడా ఈ తొందరలో పాడైపోతుంది. ఇంజన్‌ను స్టార్ట్ చేయడం ఈ పనిలో దాదాపు చివరి మెట్టు. బ్రేకులు దానికంటే ముందే సిద్ధం కావాలి.

ఇక్కడ చెప్పేదంతా పాత టాటా 207, తొలితరం మహీంద్రా పికప్‌ల వంటి, మెకానికల్ డీజిల్ పంపు ఉన్న బండ్ల గురించి. ఆ తర్వాత వచ్చిన, ఒకే ఉమ్మడి గొట్టం నుంచి అన్ని సిలిండర్లకూ డీజిల్ అందే కామన్ రైల్ ఇంజన్లలో ఇంధనం వెయ్యి బార్‌కు మించిన ఒత్తిడితో ప్రవహిస్తుంది కనుక, నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) పైపులు విప్పే పనిని వాటిపై ప్రయత్నించకూడదు.

ముందు కాగితాలు, ఛాసిస్ (బండి అడుగు చట్రం)

పానా పట్టుకునే ముందు బండి నంబరును పరివాహన్ పోర్టల్‌లో చూసి, రిజిస్ట్రేషన్ నిలిచి ఉందా, ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకా తొలగకుండా ఉందా, పన్ను బకాయిలు, చలాన్లు ఏ మేరకు ఉన్నాయి అన్నవి తెలుసుకోవాలి. సరుకు రవాణా వాహనానికి మొదటి 8 ఏళ్ళు రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ ధ్రువపత్రం అవసరం. అది లేని వాహనానికి, మోటారు వాహనాల చట్టం, 1988లోని 56వ సెక్షన్ ప్రకారం, చెల్లుబాటయ్యే రిజిస్ట్రేషన్ లేనట్టే లెక్క.

తర్వాత బండి కిందికి చూడాలి. కమాను కట్టలను ఛాసిస్‌కు పట్టి ఉంచే బ్రాకెట్లు, క్యాబిన్ కూర్చునే మౌంటింగులు, తొట్టి కింద మట్టి పేరుకున్న మూలలు తుప్పుకు మొదట లొంగే చోట్లు. అక్కడ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచినప్పుడు మొన లోపలికి దిగబడితే, ఇంజన్ ఎంత మంచిదైనా ఆ బండిపై డబ్బు పెట్టడం దండగ అని నా అభిప్రాయం. వెల్డింగ్ అతుకులతో బరువు మోసే ఛాసిస్ మళ్ళీ నమ్మదగినది కావడం అరుదు.

బానెట్ కింద కాపురాలు

బానెట్ తెరిచేటప్పుడు చేతికి గ్లవుజులు, పక్కన పొడవాటి కర్ర ఉండాలి. ఎలుకలు చేరిన చోటికి పాము రావడం మామూలే. ఎయిర్ క్లీనర్ డబ్బా విప్పితే ఎలుక గూడు దొరకవచ్చు. అది తీయకుండా సెల్ఫ్ కొడితే ఆ చెత్తంతా ఇంజన్‌లోకే పోతుంది. సైలెన్సర్ చివర, డీజిల్ ట్యాంకు గాలి పైపు, వెనుక ఇరుసు హౌసింగ్ మీద గాలి ఆడే బ్రీదర్ వంటి సన్నని రంధ్రాలను కుమ్మరి పురుగు మట్టితో మూసేసి ఉంటుంది. వాటన్నిటినీ తీగతో పొడిచి శుభ్రం చేయాలి. కొరికేసిన వైర్లను టేపు చుట్టి సరిపెట్టకుండా ముక్క మార్చి అతకాలి, ఫ్యూజు ఒక్కొక్కటీ తీసి చూడాలి, ఇంజన్ నుంచి ఛాసిస్‌కు వచ్చే ఎర్త్ పట్టీని రుద్ది బిగించాలి. ఏళ్ల తరబడి చార్జింగ్ లేని బ్యాటరీ ప్లేట్లు సల్ఫేట్ పట్టిపోయి ఉంటాయి కనుక, కొత్త బ్యాటరీ కొనక తప్పదు.

ఇంజన్‌ను చేత్తో తిప్పడం

ఆయిల్ మట్టం చూపే డిప్ స్టిక్ తీసి చూసినప్పుడు ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీరు చేరిందన్నమాట. అప్పుడు కారణం తెలిసేదాకా ముందుకు వెళ్ళకూడదు. ఆయిల్ బాగానే కనిపించినా దాన్ని తీసేసి కొత్త ఆయిల్, కొత్త ఫిల్టరు వేయాలి. ఈ తరహా ఇంజన్లకు సాధారణంగా 15డబ్ల్యూ-40 గ్రేడు సరిపోతుంది.

ఆ తర్వాత నాజిళ్ల చుట్టూ ఉన్న మట్టిని తుడిచి, నాజిళ్లు ఊడదీసి, ఒక్కో సిలిండర్‌లోకి రెండేసి చెంచాల చొప్పున ఇంజన్ ఆయిల్, డీజిల్ కలిపిన మిశ్రమం పోసి, రంధ్రాలు గుడ్డతో మూసి ఒకటి రెండు రోజులు వదిలేయాలి. సిలిండర్ లోపలి లైనర్ గోడలకు పట్టిన సన్నటి తుప్పు, రింగుల మధ్య గట్టిపడిన జిగురు నానడానికి ఆ వ్యవధి కావాలి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, ముందువైపు క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి, ఇంజన్ తిరిగే దిశలోనే నెమ్మదిగా తిప్పాలి. కదలకపోతే ఇంకాస్త మిశ్రమం పోసి మళ్ళీ ఆగాలి గానీ, పానాకు పొడవాటి ఇనుప గొట్టం తొడిగి బలం చూపకూడదు. ట్రాక్టరుతో లాగించినప్పుడు పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్లు వంగేది ఇదే కారణంతో: పట్టేసిన పిస్టన్ మీద బండి బరువంతా పడుతుంది. రెండు పూర్తి చుట్లు సాఫీగా తిరిగాక, నాజిళ్లు ఊడి ఉండగానే కాసేపు సెల్ఫ్ కొట్టి లోపలి ఆయిల్ బయటికి చిమ్మించాలి. అది మిగిలిపోతే నాజిళ్లు బిగించాక పిస్టన్ పైకి రాలేక దెబ్బతింటుంది. రంధ్రాలకు ఎదురుగా ఎవరూ ముఖం పెట్టకూడదు. తిరిగి బిగించేటప్పుడు నాజిల్ కింద రాగి వాషర్లు కొత్తవి వేయాలి.

డీజిల్, నీళ్ళు

పాత డీజిల్‌ను కొత్తదానితో కలిపి వాడుకోవడం పొదుపు కాదు. ట్యాంకు అడుగున చేరిన నీటికి, డీజిల్‌కు మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది. అది ఫిల్టరునూ, పంపునూ పట్టేస్తుంది. ట్యాంకు దింపి, కడిగి, ఆరబెట్టాలి. చిట్లిన రబ్బరు గొట్టాలన్నీ, ఫిల్టర్లన్నీ మార్చాలి.

రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోసి నడిపిన బండి అయితే లోపల సున్నపు పొర, తుప్పు ఉంటాయి. నీరు తేటగా వచ్చేదాకా కడిగి, కూలెంట్ నింపి, హోస్ పైపులు, ఫ్యాన్ బెల్టు మార్చాలి.

బ్రేకులు, టైర్లు

చక్రం విప్పే ముందు గట్టి నేలపై జాకీ పెట్టి ఎత్తి, ఛాసిస్ కింద ఇనుప స్టాండ్లు పెట్టాలి. ఇటుకలు ఉన్నట్టుండి పగులుతాయి, జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరడం ప్రాణాపాయం. డ్రమ్ముకు అతుక్కుపోయిన బ్రేక్ లైనర్లను చుట్టూ మెల్లగా తడుతూ విడిపించాలి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కనుక లోపలి పొడిని గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం ఉన్నది కావడం వల్ల ఇన్నేళ్ళలో వీల్ సిలిండర్లు లోపలినుంచి తుప్పుపట్టి ఉంటాయి. వాటిని, రబ్బరు హోసులను మార్చి, రిజర్వాయర్ మూతపై రాసి ఉన్న డాట్ 3 లేదా డాట్ 4 ద్రవాన్ని పోసి, మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న వెనుక ఎడమ చక్రంతో మొదలుపెట్టి బ్రేక్ గొట్టాల్లోని గాలి తీయాలి.

టైరు పక్కన డాట్ (DOT) అక్షరాల వరుస చివర ఉండే నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 2314 అంటే 2014లో 23వ వారం. పక్కగోడలో పగుళ్ళు ఉన్న టైరును, గీతలు ఎంత లోతుగా కనిపించినా, బరువు బండికి వాడకూడదు.

ఇంజన్ స్టార్ట్ చేసే రోజు

డీజిల్ పంపు లోపలి కడ్డీ ఎక్కువ ఇంధనం వదిలే స్థితిలో జిగురుతో పట్టేసి ఉంటే, ఇంజన్ అందుకోగానే అదుపు తప్పి వేగం పెరిగిపోతుంది. తాళం తీసేసినా ఆగదు. అందుకని, డీజిల్ ఆపి ఇంజన్‌ను నిలిపే స్టాప్ లీవరు అటూ ఇటూ స్వేచ్ఛగా కదులుతోందో లేదో ముందే చూడాలి. పట్టేసి ఉంటే పంపును ఊడదీసి పంపు షాపులో ఇవ్వాలి. కదులుతున్నా సరే, ఎయిర్ క్లీనర్ పైపు తీసేసి, ఆ గాలి నోటిని పూర్తిగా మూయగల మందపాటి చెక్క పలకతో ఒక మనిషిని సిద్ధంగా నిలబెట్టాలి. ఆ నోటిని చేత్తో గానీ గుడ్డతో గానీ మూయబోవడం ప్రమాదం.

స్టాప్ లీవరు లాగి ఉంచి, పది సెకన్లకు మించకుండా, మధ్యలో విరామమిస్తూ, ఆయిల్ ప్రెషర్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టాలి. తర్వాత లీవరు వదిలి, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపును చేత్తో కొడుతూ, ఫిల్టరు మీది స్క్రూ దగ్గర బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా ఎయిర్ తీయాలి. ఆపై నాజిల్ పైపుల నట్లు కొద్దిగా వదులు చేసి, సెల్ఫ్ కొడుతూ డీజిల్ కనిపించగానే బిగించాలి. ఆ చిమ్మే ధార దగ్గర చేయి పెట్టకూడదు, అది చర్మం లోపలికి దూసుకుపోగలదు.

ఇంజన్ అందుకున్నాక తెల్లటి పొగ కాసేపు రావడం సహజం. ఆయిల్ ప్రెషర్ కొన్ని సెకన్లలో రాకపోతే వెంటనే ఆపాలి. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కుపోయి గేరు పడకపోతే, ఇంజన్ ఆపి, పెడల్‌ను ఒక కర్రతో తొక్కి ఉంచినట్టు ఒక రాత్రి వదిలేస్తే చాలాసార్లు విడుతుంది.

ఇన్సూరెన్స్ కట్టి, ఫిట్‌నెస్, కాలుష్య ధ్రువపత్రాలు వచ్చేదాకా బండిని సొంత స్థలం దాటించకూడదు. పరీక్షా కేంద్రానికి ఇంకో వాహనంపై ఎక్కించి తీసుకువెళ్ళడం మేలు. అనుమతులు వచ్చాక మొదటి కొన్ని ప్రయాణాలు సరుకు లేకుండానే చేసి, ప్రతిసారీ చక్రాల నట్లు మళ్ళీ బిగించి, హబ్బుల వేడి చూసి, కమాను పిన్నులకు గ్రీజు కొట్టాలి. కొత్తగా వేసిన ఇంజన్ ఆయిల్, డీజిల్ ఫిల్టరు రెండూ లోపలి పాత మురికిని లాగేసుకుంటాయి కనుక, మామూలు గడువు కోసం చూడకుండా 500 కిలోమీటర్లలోపే రెండింటినీ మరోసారి మార్చి, ఆ తర్వాతే బరువు ఎక్కించాలి.