బొమ్మ అయిపోయిందా, ఇంకా ఉందా?

నిరుడు సీతానగరం గట్టున కూర్చుని ప్రకాశం బ్యారేజీ బొమ్మ మొదలుపెట్టాను. అక్రిలిక్, రెండడుగుల కాన్వాస్. నాకు కావాల్సిందల్లా సాయంత్రం ఎండ ఇంద్రకీలాద్రి రాళ్ల మీద పడి ఎర్రబడడం. రెండో రోజుకే అది వచ్చేసింది. చెయ్యి ఊరుకుంటేగా! బ్యారేజీకి 70 గేట్లున్నాయి కదా అని ఒక్కోటీ గీస్తూ కూర్చున్నా. ఆ గట్టు నుంచి చూస్తే దూరపు గేట్లు కలిసిపోయి ఒక చారలా ఉంటాయి తప్ప విడిగా కనపడవు. వారం తిరిగేసరికి బొమ్మలో కొండ వెనక్కి పోయి గేట్లు మిగిలాయి.

సమస్య: మొన్న బాగుంది, ఇవాళ బాగాలేదు

కారణం నా కథలోనే ఉంది. చూసింది వేయడం అయిపోయాక, తెలిసింది వేయడం మొదలుపెడతాం. గేట్లు, కిటికీ ఊచలు, చెట్టుకు ఆకులు. అన్నీ సమానంగా స్పష్టంగా ఉంటే కన్ను ఎక్కడా నిలవదు.

పరిష్కారం బొమ్మ మొదలుపెట్టే రోజునే ఉంది. కాన్వాస్ వెనక పెన్సిల్‌తో ఒక్క వాక్యం రాసుకోండి: 'కొండ మీద ఎండ'. అది కనపడిన రోజు బ్రష్ కడిగేసి, బొమ్మను మూడు రోజులు గోడవైపు తిప్పి పెట్టండి. తర్వాత అద్దంలో చూడండి, తలకిందులుగా పెట్టి చూడండి. ఇంకో గీత గీయాలనిపిస్తే అది దేనికో పైకి చెప్పండి. చెప్పలేకపోతే ఆ గీత వద్దు.

ఇప్పటికే చెడిపోయి ఉంటే? ఆయిల్ ఇంకా తడిగా ఉంటే పాలెట్ నైఫ్‌తో గీకేయొచ్చు. అక్రిలిక్ ఆరిపోయాక గీకితే రాదు, పైన వేసి కప్పాల్సిందే. నేను పెద్ద బ్రష్‌తో దూరపు గేట్లన్నీ ఒకే బూడిద రంగు చారలో కలిపేసి, దగ్గరవి నాలుగు ఉంచాను. మా అమ్మ చూసి, "మిగతా గేట్లు ఎత్తేశారా?" అంది. అన్నా సరే, కొండ తిరిగొచ్చింది.

సమస్య: ఏదో లోటుంది, ఏంటో తెలియదు

వివరాలు చాలలేదని అనుకుంటాం. చాలాసార్లు లోటు ముదురు రంగుల్లో ఉంటుంది. మొబైల్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. అంతా ఒకే బూడిదలా కనిపిస్తే వెలుగునీడల మధ్య తేడా లేదన్నమాట. ఎక్కువ వెలుగున్న చోటు పక్కనే ఒక ముదురు ముక్క పెట్టి చూడండి.

ఒక్కోసారి ఒక్క చుక్క చాలు. 1832లో లండన్ రాయల్ అకాడమీ ప్రదర్శనలో ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ తన బూడిదరంగు సముద్రం మీద ఒక ఎర్రటి బొట్టు పెట్టి వెళ్లిపోయాడు. తర్వాత వచ్చి దాన్ని నీళ్లలో తేలే బోయాగా దిద్దాడు. ఆ బొట్టుకు పక్కనున్న ఇంకో చిత్రకారుడు కాన్‌స్టబుల్ బొమ్మే వెలవెలబోయిందట.

సమస్య: వాటర్ కలర్ బురదైంది

సగం ఆరిన పొర మీద ఇంకో పొర వేశారు. మన దగ్గర మే నెలలో కాగితం చూస్తుండగానే ఆరిపోతుంది, ఆగస్టు ముసురులో ఎంతకీ ఆరదు. అందుకని గడియారాన్ని నమ్మకండి. వేళ్ల వెనక వైపు ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) మందపాటి కాగితమైతే తడి బ్రష్‌తో కొంత రంగు ఎత్తేయొచ్చు. థాలో బ్లూ లాంటి రంగులు మాత్రం పట్టుకుంటే వదలవు. పల్చటి డ్రాయింగ్ షీటు మీదైతే దులుపుకుని ఇంకోటి వేసుకోవడమే.

సమస్య: ఆయిల్ బొమ్మలో అక్కడక్కడా వెలిసినట్టుంది

అసంపూర్తిగా ఉందనుకుని మళ్లీ రంగు వేయకండి. పైపొరలో నూనె కిందికి ఇంకిపోయిందంతే. తాకితే అంటనంతగా ఆరాక ఆ చోట లిన్సీడ్ ఆయిల్ పల్చగా రాసి గుడ్డతో తుడిచేయండి, రంగు తేరుకుంటుంది. మామూలు వార్నిష్‌కి ఆరు నెలలైనా ఆగాలి.

సమస్య: పాడైపోతుందని టెన్షన్, ముట్టుకోలేను

ఇది నా జబ్బు కాదు కానీ మా ఫ్రెండ్స్‌లో చాలామందికి ఉంది. జిరాక్స్ షాపులో ట్రాన్స్‌పరెంట్ షీటు ఒకటి తెచ్చుకుని, రంగు బాగా ఆరిన బొమ్మ మీద పరిచి, వేద్దామనుకున్నది ముందు దాని మీద అక్రిలిక్‌తో వేయండి. షీటు తీసి చూడండి, మళ్లీ పెట్టి చూడండి. తీసినప్పుడే బాగుంటే సంతకం పెట్టేయండి.