కొత్త ఈమెయిల్ హెడర్ పేరు నమోదు: ఐయానాకు దరఖాస్తు ఎలా?

మీ సాఫ్ట్‌వేర్ పంపే మెయిళ్లలో సబ్జెక్ట్, ఫ్రమ్ లాంటివి కాక కొత్త హెడర్ ఒకటి కావాలా? దాని పేరును ఐయానాలో (ఇంటర్నెట్‌లో వాడే పేర్లు, నంబర్ల జాబితాలు చూసుకునే సంస్థ) నమోదు చేయించుకోవచ్చు. ఫీజు లేదు. విధానం 2004 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3864లో ఉంది (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ ప్రమాణాలు, పద్ధతులు రాసి ఉండే నంబర్ల పత్రాలు). వెబ్ హెడర్లకు 2022 నుంచి వేరే రిజిస్ట్రీ (నమోదు జాబితా), వాటిని ఇక్కడికి తేవద్దు.

ముందు పేరు చూసుకోండి. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, హైఫన్‌తో సరిపెట్టండి. ఖాళీ, కోలన్ పనికిరావు. మొదట్లో ‘ఎక్స్-’ తగిలించే పాత అలవాటు వద్దని 2012లోనే చెప్పేశారు.

తర్వాత వివరణ పత్రం, అంటే మీ హెడర్‌లో ఏముంటుందో, ఎలా రాయాలో చెప్పేది. నన్నడిగితే దీంట్లో ఎక్కువ తలనొప్పి హెడర్ లైన్ పొడవుతోనే. ఆర్‌ఎఫ్‌సీ 5322 ప్రకారం లైన్ 998 అక్షరాలు దాటకూడదు, 78 లోపు ఉంటే మంచిది. దాటేట్టుంటే ఖాళీ ఉన్నచోట మడవాలి, అంటే మిగతాది తర్వాతి లైన్‌లోకి తేవాలి. అర్థం కావడానికి తెలుగులో చూపిస్తాను:

సబ్జెక్ట్: రేపటి మీటింగ్ పదింటికి కాదు,
 పదకొండింటికి

రెండో లైన్ ఖాళీతో మొదలైంది చూడండి, అదే గుర్తు. చదివే ప్రోగ్రాం లైన్ విరుపును తీసేస్తుంది, ఖాళీని ఉంచుతుంది. మరి మీ హెడర్‌లో ఖాళీలే లేని పొడవాటి కోడ్ ఉంటే? మడవడానికి చోటే దొరకదు. డీకేఐఎం (మెయిల్‌కు డిజిటల్ సంతకం పెట్టే పద్ధతి) వాళ్లు దీనికి తేలిక దారి పట్టారు: సంతకం మధ్యలో ఖాళీలు వచ్చినా లెక్కచేయొద్దని రాసేశారు. మీరూ అలాంటి మాట ఒకటి స్పష్టంగా రాయండి.

హెడర్‌లో తెలుగు కూడా వస్తుందంటే ఇంకో లెక్కుంది. ఆర్‌ఎఫ్‌సీ 2047 ప్రకారం ఎన్‌కోడ్ చేసిన (ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులుగా మార్చిన) ఒక్కో ముక్క 75 అక్షరాలు దాటకూడదు. యూటీఎఫ్-8 (తెలుగును బైట్లుగా రాసే తీరు), బేస్64 (ఆ బైట్లను ఇంగ్లిష్ అక్షరాలుగా మార్చే తీరు) పద్ధతిలో అందులో పట్టేవి 15 తెలుగు యూనికోడ్ గుర్తులే. ‘క్షే’ ఒక్కటే నాలుగు గుర్తులు!

ఇక ఫారం చిన్నదే: హెడర్ పేరు, ప్రోటోకాల్ (మెయిల్), స్థితి (ప్రమాణమా, ప్రయోగమా లాంటిది), మార్పులపై అధికారం ఎవరిది, వివరణ పత్రం.

శాశ్వత నమోదుకు ఆ పత్రం ఆర్‌ఎఫ్‌సీగానో, మరో బహిరంగ ప్రమాణంగానో వెలువడాలి. ఫారాన్ని ముందు ఐఈటీఎఫ్ (ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ) సమీక్ష మెయిలింగ్ లిస్ట్‌కు పంపి, కనీసం రెండు వారాలు అభిప్రాయాల కోసం ఆగి, అప్పుడు ఐయానాకు పంపాలి. అక్కడ నియమిత నిపుణుడు చూస్తారు. అంత టైం లేకపోతే తాత్కాలిక నమోదుకు వెళ్లండి, పూర్తికాని డ్రాఫ్ట్ అయినా నడుస్తుంది. ప్రమాణం వెలువడ్డాక అదే పేరును శాశ్వత జాబితాలోకి మార్పించుకోవచ్చు.